మా సీమ ఆడబిడ్డల పేర్లు – ఒక గుమాస్తా జ్ఞాపకాలు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయవలసిందని మన సంఘం వారు అడిగినప్పుడు, కరువు భత్యం బకాయిల గురించి గానీ, సర్వీసులో నేను తిరిగిన ఊళ్ళ గురించి గానీ వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. బకాయిల గురించి నాకన్నా బాగా లెక్క చెప్పగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను 1971లో రెవెన్యూ శాఖలో చేరి, 2006లో విరమించేదాకా ముప్పై అయిదేండ్లు జనం పేర్లు వ్రాసినవాణ్ణి. అడంగల్లో పేర్లు, ఓటర్ల జాబితాలో పేర్లు, రేషను కార్డుల్లో పేర్లు. కాబట్టి పేర్లను గురించే వ్రాస్తాను. అందులోనూ ఆడబిడ్డల పేర్లు.

దీనికి కారణం మా ఇంట్లోనే పుట్టింది. నా కూతుర్ని జమ్మలమడుగులో ఇచ్చాము. ఆమె కూతుర్ని, అంటే నా మనవరాలిని, పులివెందుల సంబంధానికి ఇచ్చారు. భార్యాభర్తలిద్దరికీ బెంగుళూరులో ఉద్యోగాలు. పోయినేడాది ఆమె ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఆడపిల్లను కన్నది. బాలింత మా ఇంట్లోనే ఉంది. పదో రోజున ఫోను చేతిలో పట్టుకొని నా మంచం దగ్గరకు వచ్చింది.

"తాతా, పాపకు ఎవరికీ లేని పేరు కావాల. దేవుళ్ళ పేర్లు వద్దు. చెట్టో, పిట్టో, ఏరో, ఆకాశమో, అట్లాంటి దాంట్లోంచి రావాల. ఫోనులో వెతికితే అందరికీ ఉన్నవే వస్తున్నాయి. నువ్వు ఇన్ని వేల పేర్లు రాసినావు గదా, ఒకటి చెప్పు" అంది.

పక్కనే నా కూతురు బిడ్డకు నూనె రాస్తూ, "వెతికేదేముంది? మా అమ్మ పేరు పెట్టండి" అంది. నా భార్య తులసమ్మ 2019లో పోయింది. పోయిన పెద్దవాళ్ళ పేరు పుట్టిన బిడ్డకు పెట్టడం మన ఆచారం. తులసి కూడా చెట్టే గదా అని నా కూతురి వాదం. మనవరాలు ఏమీ అనలేదు, కానీ ముఖం చూస్తే ఇష్టం లేదని తెలిసింది. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు కొంచెం కష్టం తోచింది. అయితే పేరు మోయవలసింది బిడ్డ, పెట్టవలసింది కన్నవారు. నేను నోరు మెదపలేదు. ఆ రాత్రి నిద్రపట్టక, వ్రాసిన పేర్లన్నీ తలుచుకుంటూ పడుకున్నాను.

మన తాలూకాల్లో పాత ఓటర్ల జాబితా తీస్తే ఆడవాళ్ళ పేర్లు ఏవో కొన్నే మళ్ళీ మళ్ళీ కనబడేవి. అహోబిలం దగ్గర గనుక ఓబులమ్మలు, చెన్నకేశవుడి పేర చెన్నమ్మలు, ఇంకా గంగమ్మ, నాగమ్మ, సుబ్బమ్మ, లక్షుమ్మ. దర్గాలకు మొక్కుకొని కన్న హిందువుల బిడ్డలు దస్తగిరమ్మ, మస్తానమ్మ, హుసేనమ్మ అయ్యేవారు. ఇతర జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చిన అధికారులు ఈ పేర్లు చూసి మతం గడిలో ఏం వ్రాయాలో తెలియక తికమక పడేవారు. మనకు అందులో వింత ఏమీ లేదు.

పుల్లమ్మ, పెంటమ్మ అనే పేర్ల వెనక మాత్రం వేరే కథ ఉంటుంది. పుట్టిన బిడ్డలు వరసగా చనిపోతుంటే, తర్వాత పుట్టినదాన్ని ఎంగిలి విస్తరాకులో పడుకోబెట్టి పుల్లమ్మ అనీ, పెంటకుప్ప మీద ఒక్క క్షణం ఉంచి పెంటమ్మ అనీ పిలిచేవారు. మంచి పేరు పెడితే మృత్యువు కన్ను పడుతుందని భయం. వినడానికి మోటుగా ఉన్నా ఆ పేర్లలో ఎంత ప్రేమ, ఎంత దిగులు ఉండేవో ఆలోచించండి. అక్కరలేదని చెప్పే పేర్లు ఇవి కావు. అక్కరలేదని చెప్పే పేర్లూ ఈ దేశంలో ఉన్నాయి. మహారాష్ట్రలోని సతారా జిల్లాలో ఆడబిడ్డలకు 'నకుశా' అని పేరు పెట్టేవారు, వద్దనుకున్నది అని దాని అర్థం. 2011లో అక్కడి అధికారులు అటువంటి పేరు మోస్తున్న రెండు వందల మందికి పైగా ఆడపిల్లలను సభకు పిలిచి, వాళ్ళు కోరుకున్న కొత్త పేర్లు ఇచ్చారు. ప్రభుత్వం చేతిలోని కాగితం ఒక్కోసారి అటువంటి పనికి కూడా వస్తుంది.

మరి చెట్టు, పిట్ట, ఏరు పేర్లు మనవాళ్ళకు కొత్తా అంటే, కానే కాదు. చిలకమ్మలు, తులసమ్మలు, ముత్యాలమ్మలు ఎప్పటినుంచో ఉన్నారు. మా తరం చదువుకున్న ఇళ్ళలో కమల, సరోజ, మాలతి వచ్చాయి. అవీ పువ్వులే, కాకుంటే సంస్కృతంలో పూసినవి. ఇంకా వెనక్కు పోతే, రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రానికి దగ్గరలోని కలమళ్ళలో, సుమారు క్రీ.శ. 575 నాటిదని చెప్పే శాసనం ఉంది. తెలుగులో దొరికిన తొలి శాసనంగా దాన్ని పరిగణిస్తారు. ఎరికల్ ముతురాజు ధనంజయుడు రేనాడు ఏలిన కాలం నాటిది. ఆ తర్వాత ఇక్కడే ఏలిన రేనాటి చోళుల్లో పుణ్యకుమారుడనే రాజు ఉన్నాడు. అతని రాణి పేరు వసంతపోరి చోళ మహాదేవి. సుమారు పదమూడు వందల ఏండ్ల కిందట, మనం రోజూ తిరిగే ఈ ఎర్రమట్టి నేలల మీదనే, వసంత ఋతువును పేరులో పెట్టుకున్న ఒక స్త్రీ ఉండేదన్నమాట.

రాణుల మాట అటుంచండి. కుండలు చేసుకునే కేసన తన బిడ్డకు పెట్టిన పేరు చూడండి, మొల్ల. మన జిల్లా బద్వేలు దగ్గరి గోపవరం ఆమెదని చెబుతారు. నెల్లూరు వాళ్ళు మాదంటారు, ఆ తగవు మనకెందుకు? 16వ శతాబ్దిలో రామాయణాన్ని తెలుగు చేసిన ఆతుకూరి మొల్ల ఆమె. మొల్ల అంటే ఒక జాతి మల్లె. ఆ ఊరి దేవుడు శ్రీకంఠ మల్లేశ్వరుని మీది భక్తితో ఆ పేరు వచ్చిందని కొందరంటారు. కావచ్చు. అయినా మల్లమ్మ అని పెట్టవచ్చు గదా! వాకిట్లో పూసే పువ్వు పేరు, రెండక్షరాలు, వెనక అమ్మ లేదు, దేవి లేదు. ఈనాటికీ ఆ పేరు మరొకరికి ఉండగా నేను ఏ జాబితాలోనూ చూడలేదు. హైదరాబాదు ట్యాంకుబండు మీద ఆమె విగ్రహం ఉంది. 2017లో తపాలా శాఖ ఆమె పేర బిళ్ళ కూడా విడుదల చేసింది.

మర్నాడు మనవరాలికి మొల్ల అని చెప్పాను. ఆమెకు నచ్చింది. బెంగుళూరు నుంచి భర్త ఫోనులో, "బాగుంది గానీ, ఆఫీసులో ఉత్తరాదివాళ్ళు దాన్ని ముల్లా అని పిలుస్తారు తాతా" అన్నాడు. నాకు నవ్వాగలేదు.

ఏర్ల మీదికి వచ్చాము. మనకేమి తక్కువ? పెన్నకు పినాకిని, కుందూకు కుముద్వతి, అటు చిత్రావతి, ఇటు పాపాఘ్ని. చిత్రావతి నా ఈడు వాళ్ళలో ఒకరిద్దరికి ఉంది. పాపాఘ్ని ఎవరికీ ఉండగా చూడలేదు, పాపాలను నాశనం చేసేదని అర్థమైనా మొదట పాపం అనే మాటే చెవిన పడుతుంది. పినాకిని అంటే నా కూతురు, "విజయవాడ నుంచి మద్రాసు పొయ్యే రైలుబండి పేరు గదా నాయనా" అంది. ఏట్లో నీళ్ళు లేని ఏడాది బిడ్డ తన పేరును చూసి ఏమనుకుంటుందో అని నేను కూడా వెనక్కు తగ్గాను.

మన ఊళ్ళ పేర్లు కూడా చెప్పి చూశాను. జమ్ము మొలిచిన మడుగు జమ్మలమడుగు అయిందనీ, పొద్దు పేరున ప్రొద్దుటూరు వచ్చిందనీ, దాన్నే పండితులు బ్రధ్నపురి అన్నారనీ, పులుల మందలు తిరిగిన చోటు పులివెందుల అనీ మన పెద్దలు చెప్పేవారు. ఊళ్ళకు గడ్డి పేరు, పొద్దు పేరు, పులి పేరు పెట్టిన మనుషులు బిడ్డలకు పెట్టడానికి మాత్రం ఎందుకో వెనకాడారు. "జమ్ము అంటే జమ్మూ కాశ్మీరా అంటారు" అని మనవరాలు కొట్టేసింది.

నాకు అప్పటికే ఒక పేరు నాలుక చివర ఉంది. చెప్పడానికి సిగ్గుపడి దాన్ని ఆపుకొని ఉన్నాను. ఎందుకో వ్రాస్తాను.

1983 ఏప్రిల్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలయింది. కార్డుల కోసం కుటుంబాల జాబితాలు తయారు చేయడానికి మమ్మల్ని పల్లెలకు పంపారు. పులివెందుల వైపు ఒక కొండకింద పల్లెలో, రచ్చబండ మీద కూర్చొని వ్రాస్తున్నాను. పక్కన కరణం. (మరుసటి ఏడాదికి ఆ ఉద్యోగాలే రద్దయ్యాయి.) ఎండ మండిపోతోంది, వరుసలో నూరుమంది. ఒక గొర్రెల కాపరి వంతు వచ్చింది. తన పేరు, భార్య పేరు, ఇద్దరు కొడుకుల పేర్లు చెప్పాడు.

"ఆడపిల్లలు?"

"ఒగతి సామీ. నాలుగేండ్లు. కలివి."

"ఏంది? కళావతియా?"

"కాదు సామీ, కలివి. గొర్ల వెంబడి పోయింటే కలివి చెట్ల కాడ్నే కాన్పయింది. అందుకని కలివి అని పిల్చుకుంటాం."

"అది చెట్టు పేరు గదప్పా. రేపు బళ్ళో వేస్తే నవ్వుతారు. కళావతి అని వ్రాస్తున్నా, మంచి పేరు" అన్నాను. కరణం తల ఊపాడు. అతను ఏదో అనబోయి, నా చేతిలోని కలం వైపు చూసి, "మీ ఇష్టం సామీ" అని పోయాడు. నేను ఆ బిడ్డకు మేలు చేశాననే అనుకున్నాను. ఆ మాటే ఆ రాత్రి ఇంటికి వచ్చి మా తులసమ్మకు చెబితే, "వాళ్ళ బిడ్డకు పేరు పెట్టేదానికి నువ్వెవరు?" అంది. ఆడవాళ్ళకు ఆఫీసు పని ఏం తెలుసని కొట్టిపారేశాను.

మూడేండ్లు కూడా తిరగలేదు, 1986 జనవరిలో మన జిల్లా పేరు ప్రపంచమంతా వినిపించింది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ అనే దొర 1848లో గుర్తించి లోకానికి చెప్పిన పిట్ట ఒకటి ఉంది. చివరిసారి 1900లో అనంతపురం దగ్గర కనబడి, తర్వాత మాయమైంది. దాని జాతే అంతరించిపోయిందని ఎనభై అయిదేండ్లు పుస్తకాల్లో వ్రాసుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు మన లంకమల కొండల కింద వెతికి వెతికి, సిద్దవటం దగ్గరి రెడ్డిపల్లె వద్ద దాన్ని మళ్ళీ కనుగొన్నారు. దొరకబట్టింది అక్కడి వేటగాడు, రాత్రిపూట, దీపం వెలుతురులో. పక్షుల పరిశోధనకే బ్రతుకు ధారపోసిన సలీం అలీ 1987లో కన్నుమూశారు. ఈ కబురు వినడానికి ఆయన బ్రతికి ఉండడం నాకు ఎప్పుడూ సంతోషంగా తోస్తుంది.

లోకానికి అది జెర్డాన్స్ కోర్సర్. మనవాళ్ళకు ఎప్పటినుంచో కలివి కోడి. కలివి పొదల్లో తిరుగుతుంది గనుక ఆ పేరు. ఇసుక రంగు ఒళ్ళు, రొమ్ము మీద రెండు పట్టీలు, పగలంతా పొదల కింద దాగి రాత్రి మేతకు బయలుదేరుతుంది. దానికోసం 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, అదే ఏడాది తపాలా బిళ్ళ కూడా వచ్చింది. తెలుగుగంగ కాలువ దారి కూడా దాని పొదల కోసం పక్కకు మార్చారు. ఈనాటికీ ప్రపంచంలో అంతరించే ప్రమాదంలో ఉన్న పక్షుల్లో అది ముందు వరుసలోనే ఉంది.

కచేరిలో అందరూ ఆ వార్త చదివి మన జిల్లా గొప్పతనం గురించి మాట్లాడుకుంటున్నారు. నేను మాత్రం పేపరులోని ఆ ఒక్క మాటనే చూస్తూ కూర్చున్నాను. కలివి. అది పేరే కాదని నేను కొట్టేసిన మాట.

1995 ప్రాంతంలో మరొక సంగతి జరిగింది. అప్పుడు నేను పనిచేస్తున్న కచేరికి, ఇంటరులో చేరడానికి కుల ధ్రువపత్రం కావాలని పదహారేండ్ల పిల్ల ఒకతె వచ్చింది. అర్జీలో కళావతి అని ఉంది. తండ్రి పేరు, ఊరు చూశాను. తలెత్తి ఏమైనా అడుగుదామనుకుంటుండగానే, బయట వేపచెట్టు కింద నుంచి ఒక ముసలి గొంతు "కలివీ, బస్సు పోతాది, బిన్నే రా" అని పిలిచింది. ఆ పిల్ల గిరుక్కున తిరిగి, "వస్తాండా నాయనా" అంది. ఆ పిలుపుకు ఆమె తిరిగినంత త్వరగా, నేను లోపల కళావతీ అని పిలిచినప్పుడు తిరగలేదు. పత్రం ఆ రోజే సంతకం చేయించి ఇచ్చాను. ఇంకేమీ చెప్పలేకపోయాను. పదో తరగతి సర్టిఫికెట్టు మీదికి ఎక్కిన పేరు మార్చడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు.

ఇదంతా మనవరాలికి చెప్పాను. ఆమె చాలాసేపు బిడ్డనే చూస్తూ ఊరుకుంది. తర్వాత, "కలివి చెట్టు ఎట్లుంటాది తాతా?" అని అడిగింది. బెంగుళూరులో ఉండే పిల్ల, పాపం. ముండ్లు ఉంటాయని దాచకుండా చెప్పాను. కొండల్లో, బీళ్ళలో ఎవరూ నీళ్ళు పోయకున్నా బ్రతుకుతుందనీ, మల్లెల్లాంటి తెల్లని పూలు వాసన కొడతాయనీ, ఎండాకాలంలో పండ్లు నల్లగా నిగనిగలాడతాయనీ, కోస్తావాళ్ళు పప్పులో వేసుకునే వాక్కాయకు అది దగ్గరి చుట్టమనీ చెప్పాను.

"ఇదే పెడతా" అంది.

"నేను చేసిన తప్పు దిద్దడానికి నీ బిడ్డకు పెట్టొద్దమ్మా. ఆ లెక్క వేరే" అన్నాను.

"నీ తప్పుకు కాదులే తాతా. నాకు నచ్చింది" అంది. ఆ మాటతో నా మనసు తేలికపడిందని అనలేను గానీ, అడ్డు చెప్పడానికి కారణం లేకపోయింది.

ఇరవై ఒకటో రోజున పులివెందుల వాళ్ళు బండ్లలో వచ్చారు. పేరు చెప్పగానే వియ్యాలవారి ముఖాలు చిన్నబోయాయి. "ముండ్ల చెట్టు పేరా? మేకలు మేసే ఆకు గదా అది" అన్నారెవరో. నా కూతురికి ఎటూ ఇష్టం లేదు, అదే అదనుగా మళ్ళీ తులసి అని అందుకుంది. అప్పుడు అల్లుని జేజి, ఎనభై దాటిన మనిషి, గోడకానుకొని కూర్చున్నది కూర్చున్నట్టే, "కలివి పండ్లు తినకుండా ఈ సీమలో ఎవురు పెద్దయినారు? సంగటి లేని దినాల్లో గొర్ల వెంబడి పోయి వాటితోనే కడుపు నింపుకున్యాం. అవి లేకుంటే మీ నాయనలు యాడుంటారు, మీరు యాడుంటారు?" అంది. ఇంక ఎవరూ మాట్లాడలేదు. బిడ్డ తండ్రి పళ్ళెంలో పోసిన బియ్యంలో ఉంగరంతో మూడక్షరాలు వ్రాశాడు. బిడ్డను తొట్లలో వేసేటప్పుడు నా కూతురు వంగి చెవిలో "తులసమ్మా" అని మెల్లగా అనడం నాకు కనిపించింది. నేను చూడనట్టే ఉన్నాను.

జననం ఆసుపత్రి ద్వారా నమోదయింది గానీ పేరు గడి ఖాళీగానే ఉంది. చట్టం తెలియని కుటుంబాల కోసం ఒక మాట. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ పుట్టుకను 21 రోజుల్లో తెలియజేయాలి. పేరు తర్వాత కూడా చేర్చవచ్చు, ఏడాది లోపయితే రుసుము లేదు, ఆ తర్వాత రుసుముతో పదిహేనేండ్ల వరకు అవకాశం ఉంది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకు బడిలో చేరడానికీ, ఓటుకూ, ఉద్యోగానికీ ఆ పత్రమే ఆధారం. కనుక ఆ గడిని వట్టిగా వదలకండి. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, తర్వాత చూద్దాంలే అనుకొని వదిలేసిన గడులను నేను చాలా చూశాను.

మరుసటి సోమవారం దరఖాస్తు తీసుకొని నేనే వెళ్ళాను. పేరు నా చేతితోనే వ్రాశాను. ఈ వయసులో చెయ్యి కొంచెం వణుకుతుంది, అందుకని రెండుసార్లు వ్రాయవలసి వచ్చింది. కౌంటరు దగ్గరి కుర్రవాడు కాగితం చూసి, ఒక్క మాటా అనకుండా కంప్యూటరులో కొట్టాడు. తర్వాత తెర నా వైపుకు తిప్పి, "ఇంగ్లీషు అక్షరాలు సరిగ్గా ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి సార్" అన్నాడు.

కళ్ళజోడు పెట్టుకొని ఒక్కొక్క అక్షరమే చూసుకున్నాను.